కట్టినోళ్ల బాకీ మిగిలింది, కట్టనోళ్ల బాకీ మాయమైంది: ఫోన్‌లో నేను కొట్టిన ఒక్క అప్‌డేట్ కథ

మనం ఎప్పుడూ ఫోన్‌లో కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, చార్జింగ్ ఎంత ఫాస్ట్ అని మాట్లాడుకుంటాం కదా. ఈసారి ఫోన్ లోపల కనపడకుండా పనిచేసే ఒక దాని గురించి మాట్లాడుకుందాం. అదే డేటాబేస్. ఎస్‌క్యూఎల్‌లో చాలామంది భయపడే టాపిక్ ఒకటుంది: కోరిలేటెడ్ సబ్‌క్వెరీతో టేబుల్‌ని అప్‌డేట్ చేయడం. నేను దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, మా ఊళ్లో మా కాక షాపు లెక్కలు పాడుచేసి నేర్చుకున్నా.

మాది మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేట. మా కాకకు అక్కడ చిన్న మొబైల్ షాపు ఉంది. ఫోన్లు, చార్జర్లు, కవర్లు, రిపేర్, రీచార్జ్ అన్నీ చూస్తాడు. మా వైపు సగం బేరం ఉద్దెర మీదే నడుస్తుంది. "పత్తి అమ్మినంక ఇస్త", "మిర్చి కోసినంక ఇస్త" అని ఫోన్ పట్టుకుపోతారు. నిజంగానే పంట అమ్మాక వచ్చి కొంచెం కొంచెం కడతారు. ఈ లెక్కంతా ఒక లావుపాటి ఎర్ర అట్ట బుక్కులో ఉండేది. రెండేళ్ల కింద నేను గొప్పగా దాన్ని ఫోన్‌లోకి ఎక్కించా. "ఇగ బుక్కు అవసరం లేదు కాకా" అని కూడా అన్నా. ఆ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ముందు సెటప్: మీ ఫోనే సర్వర్

డేటాబేస్ అనగానే పెద్ద పెద్ద సర్వర్లు గుర్తొస్తాయి. కానీ ఆండ్రాయిడ్ ఫోన్ వాడే ప్రతి ఒక్కరి జేబులో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఆల్రెడీ ఉంది. రిచర్డ్ హిప్ అనే ప్రోగ్రామర్ 2000లో దీన్ని విడుదల చేశాడు. మీ కాంటాక్ట్స్, మెసేజ్‌లు, వాట్సాప్ చాట్‌లు ఫోన్‌లో దాచుకునేది ఇందులోనే. దీనికి సర్వర్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. మొత్తం డేటాబేస్ ఒకే ఒక్క ఫైల్.

మీరే ట్రై చేయాలంటే ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ యాప్ వేసుకోండి. అందులో ఎస్‌క్యూలైట్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు, పది నిమిషాల్లో ప్రాక్టీస్ మొదలుపెట్టొచ్చు. ల్యాప్‌టాప్ లేనివాళ్లకు ఇది మంచి దారి.

ఒక చిన్న మాట. కింద క్వెరీలన్నీ చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో రాశా. టైప్ చేసేటప్పుడు సెలెక్ట్, అప్‌డేట్ లాంటి కీవర్డ్స్ మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. టేబుల్ పేర్లు, కాలమ్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, ఎస్‌క్యూలైట్ ఒప్పుకుంటుంది. నేను అలాగే పెట్టా, మా కాకకు కూడా అర్థం కావాలి కదా.

మా టేబుళ్లు మూడు:

కస్టమర్లు: ఐడీ, పేరు, మండలం, జిల్లా, బాకీ
జమలు: కస్టమర్_ఐడీ, తేదీ, మొత్తం
మండలాలు: మండలం, పాత_జిల్లా, కొత్త_జిల్లా

బుక్కులో అందరిదీ వరంగల్ జిల్లానే

కథ మొదలైంది జిల్లాలతో. కాక బుక్కు పాతది. అందులో దాదాపు అందరి అడ్రస్‌లోనూ "వరంగల్ జిల్లా" అనే ఉంది. 2016 అక్టోబర్ 11న, దసరా రోజు, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్ ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి లాంటి జిల్లాలు వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది, నారాయణపేట కూడా వచ్చింది, మొత్తం 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది. ఆంధ్రాలో ఉన్న ఫ్రెండ్స్‌కి కూడా ఈ తిప్పలు తెలుసు, 2022 ఏప్రిల్ 4న అక్కడ 13 జిల్లాలు 26 అయ్యాయి.

ఇలాంటప్పుడు వెంటనే తట్టే ఐడియా ఏంటి? "వరంగల్ అని ఉన్నచోటల్లా మహబూబాబాద్ అని మార్చేద్దాం." అది తప్పు. ఎందుకో ఈ కొన్ని వరసలు చూడండి:

నర్సింహులపేట | వరంగల్ | మహబూబాబాద్
దేవరుప్పుల | వరంగల్ | జనగామ
చేర్యాల | వరంగల్ | సిద్దిపేట
గార్ల | ఖమ్మం | మహబూబాబాద్
కాటారం | కరీంనగర్ | జయశంకర్ భూపాలపల్లి

పాత జిల్లా పేరు చూసి కొత్తది చెప్పలేం. వరంగల్ నుంచి సిద్దిపేటకు పోయినవి ఉన్నాయి, ఖమ్మం నుంచి మహబూబాబాద్‌కు వచ్చినవీ ఉన్నాయి. ఒక్కో కస్టమర్‌కి వాళ్ల మండలం ఏదో చూసి, మండలాలు టేబుల్‌లో వెతికి, అక్కడున్న కొత్త జిల్లా తెచ్చి రాయాలి. ఇదిగో, ఇక్కడే మన హీరో ఎంట్రీ.

కోరిలేటెడ్ అంటే ఏంటంటే

మామూలు సబ్‌క్వెరీ ఒక్కసారి నడిచి ఒక జవాబిస్తుంది, ఆ జవాబే అందరికీ వాడతారు. కోరిలేటెడ్ సబ్‌క్వెరీ అలా కాదు. బయట ఉన్న ఒక్కో వరసను చూస్తూ, ఆ వరస కోసం మళ్లీ నడుస్తుంది.

రేషన్ షాపులో డీలర్‌ని ఊహించుకోండి. లైన్‌లో మొదటి మనిషి వచ్చి కార్డు నంబర్ చెప్తాడు. డీలర్ ఆ నంబర్ పట్టుకుని రిజిస్టర్‌లో వెతుకుతాడు, ఎన్ని కిలోలో చూస్తాడు, ఇస్తాడు. తర్వాత మనిషి వస్తే మళ్లీ ఆ నంబర్‌తో మళ్లీ వెతుకుతాడు. లైన్ బయటి క్వెరీ. రిజిస్టర్‌లో వెతకడం లోపలి క్వెరీ. ఈ రెండిటినీ కలిపేది కార్డు నంబర్. అదే కోరిలేషన్.

అప్‌డేట్‌లో అయితే ఇలా ఉంటుంది:

అప్‌డేట్ కస్టమర్లు
సెట్ జిల్లా = (సెలెక్ట్ కొత్త_జిల్లా
ఫ్రమ్ మండలాలు
వేర్ మండలాలు.మండలం = కస్టమర్లు.మండలం);

చివరి లైన్‌లో "కస్టమర్లు.మండలం" అని ఉంది చూశారా? కస్టమర్లు టేబుల్ బ్రాకెట్ లోపల ఎక్కడా లేదు, బయట ఉంది. లోపలి క్వెరీ బయటి వరసను తొంగి చూస్తోందన్నమాట. ఆ ఒక్క ముక్కే దీన్ని కోరిలేటెడ్ చేస్తుంది.

ట్రాప్ నంబర్ 1: టేబుల్ పేరు బద్ధకించి వదిలేయడం

మొదటిసారి నేను టైపింగ్ తగ్గుతుందని "వేర్ మండలం = మండలం" అని కొట్టా. ఎర్రర్ రాలేదు. కానీ అందరి జిల్లా ఒకటే అయిపోయింది.

ఎందుకంటే, లోపలి క్వెరీలో టేబుల్ పేరు లేకుండా "మండలం" అంటే, ముందు లోపలి టేబుల్‌లోనే వెతుకుతుంది. రెండు వైపులా మండలాలు టేబుల్‌లోని మండలమే. ఒక వరసలోని మండలం అదే వరసలోని మండలంతో సమానం కాకుండా ఎలా ఉంటుంది? కండిషన్ ప్రతి వరసకూ నిజమే. కాబట్టి ఎవరికైనా ముందు దొరికిన వరసే వచ్చింది. కోరిలేషన్ తెగిపోయింది, అది మామూలు సబ్‌క్వెరీ అయిపోయింది.

రూల్ సింపుల్: కోరిలేటెడ్ సబ్‌క్వెరీలో ప్రతి కాలమ్ ముందు టేబుల్ పేరు రాయాల్సిందే.

ట్రాప్ నంబర్ 2: దొరకకపోతే ఖాళీ

పేర్లు సరిచేసి మళ్లీ కొట్టా. చాలామందికి కరెక్ట్ జిల్లా వచ్చింది. కొంతమందికి మాత్రం ఉన్న "వరంగల్" కూడా పోయి ఖాళీ అయింది.

చూస్తే, వాళ్ల మండలం నేను "నరసింహులపేట" అని టైప్ చేశా. మండలాలు టేబుల్‌లో "నర్సింహులపేట" అని ఉంది. కొన్నిచోట్ల "నర్సింహుల పేట" అని మధ్యలో ఖాళీ. మనిషికి మూడూ ఒకటే ఊరు, డేటాబేస్‌కి మూడు ఊళ్లు. సబ్‌క్వెరీకి ఏ వరసా దొరకలేదు, నల్ ఇచ్చింది. అప్‌డేట్ ఆ నల్‌నే పాత విలువ మీద రాసేసింది. దొరకకపోతే పాతది అలాగే ఉంచుతుందిలే అనుకుంటాం కదా, అలా ఉంచదు.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఇంకో స్పెషల్ తలనొప్పి ఉంది. జఫర్‌గఢ్ లాంటి పేర్లలో మన కీబోర్డులు "జీరో విడ్త్ నాన్ జాయినర్" అనే కనపడని అక్షరం పెడతాయి. పదం మధ్యలో ఉంటే ఒత్తు విడిపోయి తేడా కంటికి కనిపిస్తుంది. పొల్లుతో ముగిసే పదం చివర్లో ఉంటే మాత్రం అస్సలు కనపడదు. స్క్రీన్ మీద రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉంటాయి, కానీ సమానం కావు. లెంగ్త్ ఫంక్షన్‌తో కొలిస్తే ఒకటి తేడా వస్తుంది. దాని కోడ్ 8204. రీప్లేస్ ఫంక్షన్‌తో రెండు టేబుళ్లలోనూ దాన్ని తీసేసి పోల్చుకుంటే సమస్య పోతుంది.

ఖాళీలు రాకుండా అసలు మందు ఇది:

అప్‌డేట్ కస్టమర్లు
సెట్ జిల్లా = (సెలెక్ట్ కొత్త_జిల్లా
ఫ్రమ్ మండలాలు
వేర్ మండలాలు.మండలం = కస్టమర్లు.మండలం)
వేర్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1
ఫ్రమ్ మండలాలు
వేర్ మండలాలు.మండలం = కస్టమర్లు.మండలం);

కింద ఉన్న వేర్ ఎగ్జిస్ట్స్ బయటి అప్‌డేట్‌కి చెందినది. "మండలాల లిస్టులో జోడీ దొరికిన కస్టమర్లనే ముట్టుకో, మిగతావాళ్ల జోలికి పోకు" అని దాని అర్థం. ఒకే కండిషన్ రెండుసార్లు రాయాలి, బోరే. కానీ ఆ బోర్ కొట్టే భాగమే మిమ్మల్ని కాపాడుతుంది.

ట్రాప్ నంబర్ 3: రెండు ములుగులు

సమ్మక్క సారలమ్మ జాతర జరిగే ములుగు జిల్లా అందరికీ తెలుసు. ఆ జిల్లా కేంద్రం ములుగు. సిద్దిపేట జిల్లాలో గజ్వేల్ వైపు ఇంకో ములుగు మండలం ఉంది, హార్టికల్చర్ యూనివర్సిటీ ఉన్నది అక్కడే. మండలం పేరుతో మాత్రమే వెతికితే సబ్‌క్వెరీకి రెండు వరసలు దొరుకుతాయి. ఒక గడిలో రెండు జిల్లాలు ఎలా రాస్తుంది?

పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ లాంటివి ఇక్కడ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. అది మంచిదే. మన ఫోన్‌లో ఉన్న ఎస్‌క్యూలైట్ మాత్రం నోరు మెదపదు. ముందు దొరికిన వరస తీసుకుని పని కానిచ్చేస్తుంది. మేడారం పక్కన ఉండే కస్టమర్‌ని సిద్దిపేటకు పంపినా మీకు తెలియదు.

కాబట్టి అప్‌డేట్‌కి ముందే మ్యాపింగ్ టేబుల్‌లో డూప్లికేట్స్ చెక్ చేయండి. మండలం మీద గ్రూప్ బై చేసి, కౌంట్ ఒకటి కంటే ఎక్కువ ఉన్నవి చూస్తే సరిపోతుంది. ఉంటే కండిషన్‌లో పాత జిల్లా కూడా కలపండి: మండలం సమానం కావాలి, పాత జిల్లా కూడా సమానం కావాలి. మెదక్ ములుగు వేరు, వరంగల్ ములుగు వేరు అని అప్పుడు దానికి తెలుస్తుంది.

ఇక అసలు దెబ్బ

జిల్లాలు సెట్ అయ్యాయి. నాకు కాన్ఫిడెన్స్ వచ్చింది. దసరా సెలవులు, రాత్రి పదకొండు దాటింది. ఇంకో పని కూడా పూర్తిచేద్దామనుకున్నా.

అప్పటిదాకా బాకీ కాలమ్‌లో మొత్తం ఉద్దెర ఉండేది, కట్టిన డబ్బులు విడిగా జమలు టేబుల్‌లో ఉండేవి. ఎవరైనా వస్తే కాక రెండూ చూసి మనసులో తీసేసి చెప్పేవాడు. నేరుగా మిగిలిన బాకీ కనిపించేలా చేద్దామని ఇది కొట్టా:

అప్‌డేట్ కస్టమర్లు
సెట్ బాకీ = బాకీ - (సెలెక్ట్ సమ్(మొత్తం)
ఫ్రమ్ జమలు
వేర్ జమలు.కస్టమర్_ఐడీ = కస్టమర్లు.ఐడీ);

తప్పు ఎక్కడుందో ఇప్పటికే కనిపెట్టారా? కనిపెడితే మీరు నాకంటే బెటర్.

మొత్తం 412 మంది కస్టమర్లు. అందులో 57 మంది ఒక్కసారి కూడా ఏమీ కట్టలేదు. వాళ్లకు జమలు టేబుల్‌లో వరసల్లేవు. ఏమీ లేనిదాన్ని సమ్ చేస్తే సున్నా రాదు, నల్ వస్తుంది. 5,000లోంచి నల్ తీసేస్తే 5,000 మిగలదు, నల్ అవుతుంది. అంటే, ఎంతోకొంత కట్టినవాళ్ల బాకీ కరెక్ట్‌గా వచ్చింది. ఒక్క రూపాయి కూడా కట్టనివాళ్ల బాకీ మొత్తం మాఫీ!

నేను అక్కడితో ఆగినా బాగుండేది. చిన్న స్క్రీన్ మీద పైపైన చూస్తే మొదట కనిపించినవే ఖాళీ గడులు. సరిగ్గా రన్ అవ్వలేదేమో అనుకుని మళ్లీ ఎంటర్ కొట్టా. రెండోసారి కూడా రన్ అయింది. కట్టిన 355 మందికి, కట్టిన డబ్బు రెండుసార్లు తగ్గింది. నేను ఫోన్ పక్కన పెట్టి పడుకున్నా.

పొద్దున షాపుకు ఒక అవ్వ వచ్చింది. మనవడికి ఫోన్ కొనిచ్చింది, 6,000 ఉద్దెర, అప్పటికే 2,500 కట్టింది. కాక ఫోన్ చూసి "ఇంక వెయ్యి అవ్వా" అన్నాడు.

అవ్వ కొంగు ముడి విప్పబోయి ఆగింది. "గదేంది కొడుకా, వెయ్యేనా? మూడువేల అయిదువందలు ఇయ్యాల్నని ముడేసుకొని వస్తి గద."

కాక నా దిక్కు చూశాడు. నేను ఫోన్ తీసుకుని జాబితా కిందికి జరిపా. ఖాళీ, ఖాళీ, ఖాళీ. కడుపులో దేవినట్టయింది. ఆ ఖాళీలన్నీ కలిపితే మా కాకకు ఒక సీజన్ పెట్టుబడి.

"బుక్కు అవసరం లేదంటివి గదరా" అన్నాడు కాక. కోపంగా కూడా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

రిపేర్: ఏది తిరిగొస్తుంది, ఏది రాదు

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. 355 మంది లెక్క తప్పే, కానీ పోలేదు. మనకు కావాల్సింది ఉద్దెరలోంచి జమ ఒకసారి తీసేయడం, జరిగింది రెండుసార్లు తీసేయడం. జమలు టేబుల్ చెక్కుచెదరలేదు కాబట్టి, అదే సమ్ ఒకసారి తిరిగి కలిపితే చాలు. అవ్వ లెక్కే చూడండి: 1,000కి 2,500 కలిపితే 3,500. కోరిలేటెడ్ అప్‌డేట్‌తో పాడైనదాన్ని కోరిలేటెడ్ అప్‌డేట్‌తోనే బాగుచేశా, ఈసారి మైనస్ బదులు ప్లస్, కింద వేర్ ఎగ్జిస్ట్స్ పెట్టి.

57 మంది సంగతి వేరు. నల్‌కి ఎంత కలిపినా నల్లే. అక్కడ ఒకప్పుడు ఎంత ఉండేదో డేటాబేస్‌కి గుర్తులేదు. ఎస్‌క్యూలైట్‌లో మీరు ముందే బిగిన్ అని చెప్పకపోతే ప్రతి అప్‌డేట్ ఎంటర్ కొట్టగానే పర్మనెంట్ అయిపోతుంది. అన్‌డూ బటన్ లేదు. బ్యాకప్ నేను తీయలేదు.

నేను మొదట్లోనే రాయాల్సిన క్వెరీ ఇది:

సెట్ బాకీ = బాకీ - కోఅలెస్((సెలెక్ట్ సమ్(మొత్తం) ఫ్రమ్ జమలు వేర్ జమలు.కస్టమర్_ఐడీ = కస్టమర్లు.ఐడీ), 0)

కోఅలెస్ అంటే "నల్ వస్తే దాని బదులు ఇది వాడు" అని. సున్నా తీసేస్తే బాకీ అలాగే ఉంటుంది. ఎస్‌క్యూలైట్‌లో సమ్ బదులు టోటల్ అనే ఫంక్షన్ కూడా ఉంది, వరసలు లేకపోతే అది సున్నానే ఇస్తుంది.

కానీ ఇది కూడా రెండుసార్లు కొడితే రెండుసార్లు తగ్గుతుంది. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే, అసలు ఉద్దెరను "అప్పు" అనే వేరే కాలమ్‌లో ఉంచి దాన్ని ఎప్పుడూ ముట్టుకోకుండా, బాకీ = అప్పు - జమలు అని లెక్కేయడం. అప్పుడు వందసార్లు ఎంటర్ కొట్టినా జవాబు మారదు. ఇప్పుడు మా దగ్గర బాకీ కాలమే లేదు, ఒక వ్యూ పెట్టా. చూసినప్పుడల్లా అదే లెక్కేసి చూపిస్తుంది.

స్పీడ్ సంగతి

"వరస వరసకూ సబ్‌క్వెరీ నడిస్తే స్లో కదా అన్నా?" అని కామెంట్ పెట్టేవాళ్లకు ముందే చెప్తున్నా. అవును, ఇండెక్స్ లేకపోతే స్లోనే. 412 మంది కస్టమర్లు, 3,100 జమలు ఉంటే, ఒక్కొక్కరి కోసం మొత్తం జమలు తిరగేయాలంటే దాదాపు 12 లక్షల 77 వేల వరసలు చదవాలి. ఫోన్‌కి ఇది పెద్ద లెక్కేం కాదు. లక్షల్లో కస్టమర్లు ఉంటే మాత్రం టీ తాగి రావచ్చు.

జమలు టేబుల్‌లో కస్టమర్_ఐడీ మీద ఒక ఇండెక్స్ వేయండి. అప్పుడు ఒక్కో కస్టమర్‌కి వాళ్ల వరసల దగ్గరికే నేరుగా పోతుంది. డిక్షనరీలో మొదటి పేజీ నుంచి చదవకుండా అక్షరం పట్టుకుని వెళ్లినట్టు. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ అని పెడితే ఎస్‌క్యూలైట్ తన ప్లాన్ చూపిస్తుంది. "కోరిలేటెడ్ స్కేలార్ సబ్‌క్వెరీ" అనే మాట అక్కడే కనిపిస్తుంది. దాని కింద స్కాన్ అని ఉంటే మొత్తం తిరగేస్తున్నట్టు, సెర్చ్ అని ఉంటే ఇండెక్స్ వాడుతున్నట్టు.

మరి వేరే దారులు లేవా?

ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్‌లో అప్‌డేట్‌తో పాటే జాయిన్ రాయొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ ఫ్రమ్ ఉంది. ఒరాకిల్ వాళ్లు మెర్జ్ ఎక్కువ వాడతారు. ఎస్‌క్యూలైట్‌కి కూడా 2020 ఆగస్టులో వచ్చిన 3.33 వెర్షన్‌తో అప్‌డేట్ ఫ్రమ్ వచ్చింది. జోడీ దొరకని వరసలను ఇవి అసలు ముట్టుకోవు. కాబట్టి ట్రాప్ 2 ఉండదు.

కానీ యాప్స్ తయారుచేసే ఫ్రెండ్స్, ఇక్కడ ఒక గ్యాడ్జెట్ పాయింట్ ఉంది. టెర్మక్స్‌లో కొత్త ఎస్‌క్యూలైట్ వస్తుంది, కానీ మీ యాప్ మామూలుగా వాడేది ఫోన్ సిస్టమ్‌లో ఉన్నదాన్ని. గూగుల్ లిస్టు ప్రకారం ఆండ్రాయిడ్ 12, 13లలో ఉన్నది 3.32, ఆండ్రాయిడ్ 14లో 3.39. కొన్ని ఫోన్ కంపెనీలు వేరే వెర్షన్ కూడా పెడుతుంటాయి. అంటే మీ కొత్త ఫోన్‌లో చక్కగా నడిచే అప్‌డేట్ ఫ్రమ్, ఊళ్లో ఎవరి చేతిలోనో ఉన్న ఆండ్రాయిడ్ 11 ఫోన్‌లో ఎర్రర్ కొడుతుంది. మా కాక షాపుకు రిపేర్‌కి వచ్చేవి ఎక్కువగా అలాంటి ఫోన్లే. కోరిలేటెడ్ సబ్‌క్వెరీ మాత్రం వాటన్నిటిలోనూ నడుస్తుంది. పాత పద్ధతి అయినా ఇప్పటికీ నేర్చుకోవాల్సింది అందుకే.

ఎంటర్ కొట్టే ముందు నా ఐదు రూల్స్

1. ఫైల్ కాపీ తీయండి. ఎస్‌క్యూలైట్ అంటే ఒక్క ఫైలే కదా, యాప్ క్లోజ్ చేసి కాపీ కొట్టడానికి పది సెకన్లు.

2. ముందు అప్‌డేట్ కాదు, సెలెక్ట్. అదే సబ్‌క్వెరీని సెలెక్ట్‌లో పెట్టి పాత విలువ, కొత్త విలువ పక్కపక్కన చూడండి. ఖాళీలు ఉంటే అక్కడే దొరికిపోతాయి.

3. బిగిన్ కొట్టి అప్‌డేట్ చేయండి. చూసుకోండి. బాగుంటే కమిట్, లేకపోతే రోల్‌బ్యాక్.

4. ఎన్ని వరసలు మారాయో చూడండి. సెలెక్ట్ చేంజెస్ అని అడిగితే ఎస్‌క్యూలైట్ చెప్తుంది. నేను ఆ రాత్రి ఇది చూసుంటే మొదటిసారే 412 అని చెప్పేది, రెండోసారి కొట్టేవాణ్ని కాదు.

5. రాత్రి పదకొండు తర్వాత డబ్బు లెక్కల మీద అప్‌డేట్ కొట్టొద్దు. ఇది ఎస్‌క్యూఎల్ రూల్ కాదు, నా రూల్.

57 మంది ఏమయ్యారు

కాక ఎర్ర అట్ట బుక్కు పారేయలేదు. అటక మీద చార్జర్ డబ్బాల వెనక ఉంది. దుమ్ము దులిపి ఇద్దరం కూర్చున్నాం. 57లో 41 మంది లెక్క అందులో దొరికింది. మిగతా 16 మంది బుక్కు ఆపేశాక వచ్చినవాళ్లు. వాళ్ల ఉద్దెర ఫోన్‌లో తప్ప ఎక్కడా లేదు.

"ఎట్ల కాకా?" అన్నా.

"అడుగుదాం. ఎవలది వాళ్లకు తెల్వదా" అన్నాడు.

అడిగాం. నాకు సిగ్గుగా ఉండేది, ప్రతి ఒక్కరికీ "ఫోన్ల లెక్క పోయింది, మీది ఎంతనో చెప్పుండ్రి" అని చెప్పడం. 14 మంది చెప్పారు. ఒకాయన పాత రసీదు తెచ్చి చూపించాడు. ఇంకొకామె కవర్ డబ్బులు, టెంపర్డ్ గ్లాస్ డబ్బులు కూడా విడివిడిగా చెప్పింది. కాకకు గుర్తున్నంతలో ఎవరూ తక్కువ చెప్పలేదు. ఇద్దరు మాత్రం ఇప్పటిదాకా షాపు దిక్కు రాలేదు. వాళ్ల వరసల్లో బాకీ ఇంకా తెలియదనే ఉంది. సున్నా అని రాయలేదు. సున్నా వేరు, తెలియకపోవడం వేరు. ఈ తేడా నాకు ఎస్‌క్యూఎల్ చాలా ఖరీదుగా నేర్పింది.

ఇప్పుడు ఫోన్‌లోనూ రాస్తున్నాం, బుక్కులోనూ రాస్తున్నాం. రోజూ షాపు మూసేటప్పుడు డేటాబేస్ ఫైల్ కాపీ ఒకటి నా ఫోన్‌కి వస్తుంది. మొన్న కాక ఫోన్ చేసి "వచ్చిందారా?" అని అడిగాడు. వచ్చింది కాకా అన్నా. "తెరిచి చూసినవా?" అన్నాడు. చూడలేదు. అప్పుడు తెరిచి చూశా, 412 వరసలూ ఉన్నాయి.

మీరు కూడా ఫోన్‌లో ఒక చిన్న టేబుల్ చేసుకుని, పైన చెప్పిన మూడు ట్రాపుల్లోనూ కావాలని ఒకసారి పడి చూడండి. ఎవరి డబ్బూ లేని టేబుల్‌తోనే సుమా. డౌట్స్ ఉంటే కామెంట్స్‌లో అడగండి. మళ్లీ కలుద్దాం!